మోకాలి గుజ్జు అరిగిందన్నారు... వ్యాయామం చేయొచ్చా?

ప్రశ్న: మాది పలాస దగ్గర పల్లె. వయసు 54. ఇరవై ఏళ్లుగా జీడిపిక్కల పనికి వెళ్తున్నాను, రోజంతా కిందే కూర్చోవాలి. రెండేళ్లుగా మోకాళ్ల నొప్పి. ఎక్స్‌రే తీసి గుజ్జు అరిగిందన్నారు. షాపులో నొప్పి బిళ్లలు కొని రోజూ వేసుకుంటున్నాను. నడిస్తే ఇంకా అరుగుతుందా?

జవాబు: అమ్మా, ముందు ఆ బిళ్లల సంగతి. మీది ఉద్దానం. కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లలో ఉందో నాకంటే మీకే బాగా తెలుసు. డైక్లోఫెనాక్ లాంటి బిళ్లలు రోజూ మింగితే కిడ్నీలు దెబ్బతినొచ్చు. నీళ్లు తక్కువ తాగి ఉక్కలో పనిచేసేవాళ్లకు మరీ ముప్పు. ఇవాళే ఆపేయండి. కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించుకోండి.

నడిస్తే అరిగిపోతుందన్నది ఉత్త భయం. గుజ్జుకు రక్తనాళాలుండవు. కీలు కదిలి, బరువు పడి తేలినప్పుడల్లా చుట్టూ ఉన్న ద్రవం అందులోకి ఇంకుతుంది, అదే దానికి తిండి. కదలకపోతే తొడ కండ కూడా సన్నబడి, భారమంతా కీలు మీదే పడుతుంది. అందుకే నేను తొడ నుంచే మొదలుపెట్టిస్తాను.

మంచం మీద కాళ్లు చాపి, మోకాలి కింద తువ్వాలు చుట్ట పెట్టి, దాన్ని కిందికి నొక్కి అయిదు అంకెలు లెక్కపెట్టండి. తర్వాత వెల్లకిలా పడుకుని, ఒక కాలు మడిచి, రెండోది వంచకుండా జానెడెత్తు లేపి, అయిదు లెక్కపెట్టి మెల్లగా దించండి. ఒక్కో కాలికి పదిసార్లు, ఉదయం, సాయంత్రం. ఊపిరి బిగబట్టొద్దు. రెండు వారాలయ్యాక, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం మొదలుపెట్టండి. చదునైన దారిలో పావుగంట నడక చాలు, మెల్లగా పెంచుకోవచ్చు.

చేస్తున్నప్పుడు కాస్త నొప్పి ఉంటుంది, బెదరకండి. మర్నాటికీ తగ్గకపోతే ఎన్నిసార్లు చేస్తున్నారో అందులో సగానికి తగ్గించండి, మానేయొద్దు. గుణం తెలియడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. చాలామంది పది రోజులకే విసిగి మళ్లీ బిళ్లల దగ్గరికి వెళ్తారు, నాకు బాధ కలిగించేది అదే. ఒంటి బరువు ఎక్కువుంటే తగ్గించండి: ఒక్క కిలో తగ్గినా అడుగు వేసినప్పుడల్లా మోకాలి మీద నాలుగు కిలోల దాకా భారం తగ్గుతుంది.

పనిచోట బల్ల, స్టూలు అడగండి, మొహమాటపడొద్దు. కుదరకపోతే అరగంటకోసారి లేచి నాలుగడుగులు వేయండి. మోకాలు ఎర్రగా వాచి జ్వరం వచ్చినా, నడుస్తుండగా కాలు మడతపడుతున్నా, కీలు పట్టేసి చాపలేకపోయినా వ్యాయామం ఆపి వెంటనే ఎముకల డాక్టరుకు చూపించుకోండి.