ఇద్దరికీ 60 దూడలే ఉంటే సీఫ్యాప్ డబ్బులో అంత తేడా ఎందుకు?

అయోవాలో పక్కపక్క పొలాల రైతులిద్దరికీ 60 దూడలే ఉన్నా 2020 కోవిడ్ సాయం (సీఫ్యాప్, అంటే కరోనాతో నష్టపోయిన రైతులకు అమెరికా ప్రభుత్వం ఇచ్చిన డబ్బు) ఒకరికి 6,120 డాలర్లు, ఇంకొకరికి 1,980 వచ్చిందని, కౌంటీ ఎఫ్‌ఎస్‌ఏ ఆఫీసువాళ్లు (అమెరికా వ్యవసాయ శాఖ స్థానిక విభాగంవాళ్లు) తెలిసినవాళ్లకు ఎక్కువ రాశారేమోనని మీ అనుమానం. ఆ రెండు అంకెలు చూడగానే చెప్పొచ్చు, తేడా అంతా అమ్మిన తేదీది.

సీఫ్యాప్ మొదటి విడతలో 2020 జనవరి 15 నుంచి ఏప్రిల్ 15 లోపు అమ్మిన 600 పౌండ్లలోపు దూడకు 102 డాలర్లు. ఏప్రిల్ 16, మే 14 మధ్య ఇంకా మంద‌లోనే ఉన్న పశువుకు, బరువుతో నిమిత్తం లేకుండా, 33. అరవైని ఆ రెండింటితో గుణించి చూడండి. మార్చిలో వేలానికి తోలినవాడు మొదటివాడు, ఏప్రిల్ 20న తోలినవాడు రెండోవాడు. రేట్లన్నీ వాషింగ్టన్‌లో ఖాయమైనవే, కౌంటీ ఆఫీసు వాటిని ఒక్క సెంటు కూడా మార్చలేదు.

కానీ రెండోవాడి ఖాతాలో పడింది అంతే కాదు. రెండో విడతలో ఏప్రిల్ 16, ఆగస్టు 31 మధ్య రైతు ఎంచుకున్న ఏదో ఒక రోజున ఉన్న పశువులకు తలకు 55 డాలర్లు ఇచ్చారు (సంతానానికి ఉంచుకున్న ఆవులు, ఆబోతులు లెక్కలోకి రావు, చాలామంది పొరపాటుపడింది ఇక్కడే). 2021 మార్చిలో ప్రకటించిన అదనపు సాయం, మొదటి విడతలో మందలో ఉన్నట్టు చూపిన ఆ సైజు దూడకు 7 డాలర్లు. అంటే 1,980, 3,300, 420 కలిపి 5,700. మొదటివాడికీ ఇతనికీ మిగిలిన తేడా 420 డాలర్లే. ఒక్క విడత జాబితా చూసి ఎవరిమీదా నింద వేయకూడదనేది ఇందుకే.

మొక్కజొన్న సంగతి వేరు. మొదటి విడతలో 2019 పంటలో సగం, లేదా 2020 జనవరి 15 నాటికి ధర ఖాయం కాని నిల్వ, ఈ రెండింటిలో ఏది తక్కువైతే దానికి బుషెల్‌కు 33.5 సెంట్లు పడింది. 40,000 బుషెళ్లు పండి, అందులో 14,000కు ఇంకా ధర ఖాయం కాలేదనుకోండి: 4,690 డాలర్లు. గాదె నిండా గింజలున్నా, ముందే ఒప్పందంలో మొత్తానికీ ధర ఖాయం చేసుకున్నవాడికి సున్నా. జాగ్రత్తపరుడికే దెబ్బ తగిలిందని రైతులు గొణిగారు, అందులో న్యాయం లేకపోలేదు.

ఒక్కో విడతలో మనిషికి పరిమితి 2.5 లక్షల డాలర్లుగా ఉండేది. ఎల్‌ఎల్‌సీకి (కొందరు కలిసి పెట్టుకున్న కంపెనీకి) 7.5 లక్షల దాకా వెళ్లాలంటే ముగ్గురు సభ్యులు, ఒక్కొక్కరూ కనీసం 400 గంటలు పొలం పనో, యాజమాన్యమో స్వయంగా చూసి ఉండాల్సింది. కాగితం మీద పేరుంటే చాలదు.

మనవాళ్లలో పొలం కొని నగదు కౌలుకిచ్చినవాళ్లు ఎక్కువ కాబట్టి ఇదీ చెబుతున్నా: కౌలు స్థిరంగా వచ్చేవాడికి పంట నష్టంలో వాటా లేదు, కనుక సాయమూ దక్కలేదు. పంటలో వాటా తీసుకునేవాడికి ఆ వాటా మేరకు దక్కింది. గ్రీన్‌కార్డు ఉంటే ఇబ్బంది లేకపోయింది. హెచ్‌1బీ మీద ఉండి డబ్బు మాత్రమే పెట్టినవాడు అర్హుడు కాలేదు.

రెండో విడత దరఖాస్తులు 2021 అక్టోబరు 12తో ముగిశాయి. అప్పట్లో లెక్క రైతే రాసి సంతకం పెట్టాడు, తనిఖీలు తర్వాత కొందరికే జరిగాయి. కాగితాలు మూడేళ్లు దాచమన్నది అందుకే: వేలం రసీదులు, కాటా చీటీలు, దాణా బిల్లులు, బ్యాంకుకిచ్చిన పశువుల జాబితా. ఆ చివరిదాని దగ్గర పట్టుబడొచ్చు. అప్పు కోసం బ్యాంకుకు 45 తలలని రాసిచ్చి, అదే నెలకు ఎఫ్‌ఎస్‌ఏకు 60 అని రాస్తే, ఆ 15 తలల డబ్బు వెనక్కి కట్టక తప్పదు.