బుజ్జి నాలుగో పుట్టినరోజుకి పెద్దమ్మ సలహాలు

చి.ల.సౌ. అమ్మలుకి,

పెద్దమ్మ ఆశీస్సులు. మొన్న ఫోనులో నువ్వు ఊపిరి తిప్పుకోకుండా చెప్పిందంతా విన్నాను. ఈవెంట్ వాళ్ళు ప్రిన్సెస్ థీమ్ అన్నారని, గులాబీ రంగు తెరలు, థర్మోకోల్ కోట, రెండు వందల బెలూన్లు, అన్నీ కలిపి నలభై వేలు అడిగారని. ఒక్కగానొక్క పిల్ల, ఘనంగా చెయ్యాలని నీకుండడం సహజం. డబ్బు సంగతి నువ్వూ అల్లుడుగారూ చూసుకుంటారు, అందులో నేను వేలు పెట్టను. కానీ ఉద్యోగమంతా మూడు నుంచి ఐదేళ్ళ పిల్లల మధ్య చేసినదాన్ని కాబట్టి ఒక్క మాట గట్టిగా చెప్తాను. నాలుగేళ్ళ పిల్లకి థీమ్ అనేది చేతికి అందాలి. పాకుతూ, గెంతుతూ ఆడుకోవడానికి పనికిరావాలి, తినేదాంట్లో కూడా కనపడాలి. గోడకి కట్టిన తెర ముందు పిల్లలు నిలబడేది ఫొటో తీసేంతసేపే. మిగతా గంటన్నరా వాళ్ళకి ఏం పని ఉందన్నది నువ్వు ముందు ఆలోచించాలి.

అసలు రాణివేషం బుజ్జి అడిగిందా? వీడియో కాల్‌లో అది నాతో ఎప్పుడూ మాట్లాడేది మీ బాల్కనీలో కరివేపాకు కుండీ గురించే. "అమ్మమ్మా, పురుగు ఆకు మొత్తం తినేసింది, ఇప్పుడు పచ్చగా అయింది" అని నెల రోజులుగా అదే వార్త. దానికి నచ్చిన విషయం అక్కడే ఉంది. సీతాకోకచిలుకల థీమ్ పెట్టు. బజార్లో దొరికే మెరుపుల సీతాకోకచిలుకలు కాదు, బుజ్జి కళ్ళారా చూసినవే, గుడ్డు నుంచి రెక్కల దాకా. నిమ్మ, నారింజ, కరివేపాకు మొక్కల మీద గుడ్లు పెట్టే జాతి అది. పురుగు చిన్నప్పుడు పిట్ట రెట్టలా నల్లగా, తెల్లగా ఉంటుంది, పెద్దయ్యాక ఆకుపచ్చ. ముట్టుకుంటే తల వెనక నుంచి నారింజ రంగు కొమ్ములు బయటపెట్టి ఘాటు వాసన వదులుతుంది. ఇదంతా బుజ్జికి ఇప్పటికే తెలుసు. వచ్చిన పిల్లలకి తనే చూపిస్తుంది. ఆ ఒక్క గంట అది నిజంగా ఇంటికి పెద్ద మనిషి అవుతుంది.

ఒక జాగ్రత్త. ఒంటినిండా నూగున్న గొంగళిపురుగులు తగిలితే దద్దుర్లు వస్తాయి. "చూద్దాం, ముట్టుకోవద్దు" అని పిల్లలందరికీ మొదట్లోనే చెప్పు. పార్టీలో డబ్బా మూత తీసి బతికున్న సీతాకోకచిలుకల్ని వదిలే ఏర్పాటు ఎవరైనా చేస్తామంటే ఒప్పుకోకు. డబ్బాల్లో నలిగి సగం చచ్చినవి నేల మీద పడితే పిల్లలు చూసి తట్టుకోలేరు.

పిలుపుల దగ్గరికి వద్దాం. ఆఫీసు వాళ్ళు, అపార్ట్‌మెంట్ వాళ్ళు, స్కూల్లో క్లాసంతా అని నలభై మంది లెక్క చెప్పావు. నాలుగేళ్ళ పిల్ల తట్టుకోగలిగేది ఏడెనిమిది మంది పిల్లల్ని. మొహమాటం కొద్దీ పది మందిని పిలువు, అంతకు మించి వద్దు. పెద్దవాళ్ళని పిలవాలంటే ఇంకోరోజు భోజనానికి పిలువు. మీ ఇంట్లో పనిచేసే ఆవిడ కూతురు రోజూ బుజ్జితో ఆడుకుంటుందన్నావు కదా, ఆ పిల్లని కూడా ఆ పది మందిలో లెక్కపెట్టు. అందరికీ ఇచ్చిన రెక్కలే ఆ పిల్లకీ ఇవ్వాలి, అందరితో పాటు చాప మీదే కూర్చోవాలి. ఆ రోజు వాళ్ళమ్మకి వంటింట్లో పని చెప్పకు. కూతురి పక్కన ఆవిడ కూడా తల్లిలా కూర్చోవాలి.

తిథి ప్రకారం వచ్చేది గురువారం అన్నావు. ఆ రోజు పొద్దున్నే నలుగు పెట్టి తలంటి, కొత్త బట్టలు కట్టి, హారతిచ్చి, అక్షింతలు వేసి, కాస్త పాయసం వండి పెట్టు. ఇంట్లో వాళ్ళతోనే. పిల్లల పార్టీ ఆదివారం. రెండూ ఒకే రోజు పెడితే తలంటుకే పిల్ల సగం అలిసిపోతుంది, సాయంత్రానికి ఏడుపే. ఆదివారమైనా సాయంత్రం వద్దు. కార్తీకంలో తొందరగా చీకటిపడుతుంది, లాన్‌లో దోమలు, మధ్యాహ్నం నిద్ర చెడి పిల్లలు చిరాకుగా ఉంటారు. పొద్దున పదిన్నరకి పెట్టుకుని, పన్నెండున్నరకల్లా భోజనం పెట్టి పంపించెయ్యి. పిలుపులో మొదలు ఎంతకో, ముగింపు ఎంతకో రెండూ రాయి. పల్లీలు, పాలు, ఇంకేదైనా పడని పిల్లలుంటే ముందే చెప్పమని ఒక్క వాక్యం కలుపు.

మనవాళ్ళు పదిన్నర అంటే పదకొండుకి వస్తారు. అందుకని మొదటి అరగంట ఎవరు ఎప్పుడొచ్చినా కలిసిపోయే పని ఉండాలి. చాప మీద చార్ట్ పేపరు సీతాకోకచిలుకలు కత్తిరించి ఉంచు, పిల్లలు రంగు కాగితాల ముక్కలు అంటించుకుంటారు. గమ్ము చిన్న గిన్నెల్లో, దూదిపుల్లలతో. మెరుపుల పొడి మాత్రం వద్దు, కళ్ళలో పడుతుంది. ఆ పని చేస్తుండగానే నువ్వు పాత చున్నీలు ఒక్కొక్కరికీ రెండు మణికట్లకీ వదులుగా కట్టు. చేతులు చాపితే రెక్కలు. ఇంట్లో లేకపోతే మీ అత్తగారినీ, పక్కింటావిడనీ అడుగు, ప్రతి ఇంట్లోనూ నాలుగు పాత చున్నీలుంటాయి. మెడకి మాత్రం ఏదీ కట్టకు. కొన్న రెక్కల్లో ఇనప తీగ ఉంటుంది, పక్కవాడి కంట్లో గుచ్చుకుంటుంది.

ఆటల గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే పార్టీ నిలబడేదీ చెడేదీ ఇక్కడే. మ్యూజికల్ చైర్స్ పెట్టొద్దు. ఓడినవాళ్ళు బయటికి పొమ్మనే ఏ ఆటా ఈ వయసుకి సరిపోదు. నలుగురు బయటికి వచ్చారంటే నలుగురు ఏడుస్తారు, గెలిచిన పిల్ల ఒంటరిగా నిలబడి బిక్కమొహం వేస్తుంది. అందరూ చివరిదాకా ఆడేవే పెట్టు. మొదట పురుగులాట: పిల్లలంతా ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని వరసగా నడవాలి, ముందు బుజ్జి. కుర్చీల మధ్యనుంచి, మొక్కల చుట్టూ, దిండ్ల మీదుగా. తర్వాత మేత వెతుక్కోవడం. కుండీల దగ్గర, సోఫా పక్కన కాగితం ఆకులు దాచిపెట్టు. ఒక్కో పిల్లకి ఒక్కో రంగు, అందరికీ సమానంగా ఐదేసి. "నీ రంగు నువ్వే ఏరుకో" అంటే కొట్లాట ఉండదు, నెమ్మదైన పిల్లకి కూడా తన ఐదూ దొరుకుతాయి. త్వరగా అయినవాళ్ళు పక్కవాళ్ళకి చూపించొచ్చు.

ఆ తర్వాత గూటిలో నిద్ర. ఇది నాకు చాలా ఇష్టమైన ఆట. ఒక్కో పిల్లనీ మెత్తటి పాత నూలు చీరలో భుజాల దాకా వదులుగా చుట్టి పడుకోబెట్టు. మొహం మీదికి గుడ్డ రానివ్వకు, చుట్టించుకోవడం ఇష్టంలేని పిల్ల ఊరికే కళ్ళు మూసుకుని పడుకుంటే చాలు. పంకా చప్పుడు తప్ప ఇంకేం వినపడకూడదని చెప్పు. పరుగులతో వేడెక్కిన పిల్లలు ఇక్కడ చల్లబడతారు. కాసేపయ్యాక నువ్వు మెల్లిగా చప్పట్లు కొడితే ఒక్కొక్కరే విప్పుకుని లేచి రెక్కలు చాపి ఎగరాలి. అప్పుడు ఓపికుంటే చెమ్మచెక్క, ఒప్పులకుప్ప ఆడించు. ఒప్పులకుప్పలో ఇంత చిన్నపిల్లల్ని గట్టిగా తిప్పొద్దు, మోచేతి కీలు జారుతుంది.

ఆడిస్తుంటే ఏ పిల్లయినా నీ పక్కన నక్కి నిలబడి చూస్తానంటే చూడనివ్వు. చూడడం కూడా ఆ వయసులో ఆడడమే. బుజ్జి కూడా ఆ రోజు రెక్కలు వద్దంటే వదిలెయ్యి. బట్టల విషయంలో కూడా అంతే. గుచ్చుకునే నెట్ గౌను, కాళ్ళకి అడ్డంపడే పొడుగు లంగా వద్దు. మెత్తటి నూలు గౌను చాలు. పెద్ద బొమ్మ వేషం వేసుకుని మనిషి వస్తాడట కదా ప్యాకేజీలో, అతన్ని రద్దు చెయ్యమను. మొహం కదలని ఆ పెద్ద తల చూస్తే ఈ వయసు పిల్లలు జడుసుకుంటారు.

అలంకారానికి కార్తీకంలో బంతిపూలకి కొదవేముంది? గుమ్మానికి మామిడి తోరణం, హాల్లో బంతి దండలు, దారానికి గుచ్చిన కాగితం ఆకులు. మియాపూర్ నుంచి మెట్రోలో ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్‌లో దిగితే బేగంబజార్ దగ్గరే, రంగు కాగితాలు అక్కడ బాగా చౌక. బెలూన్లు వద్దంటే నీకు వెలితిగా ఉంటుందేమో, ఓ పది పెట్టు, పైకి, పిల్లలకి అందకుండా. పగిలిన రబ్బరు ముక్క గొంతులో అతుక్కుంటే తియ్యడం చాలా కష్టం, పగిలిన ప్రతిదాన్నీ వెంటనే ఏరెయ్యాలి. గ్యాసు బెలూన్లు అసలే వద్దు. హీలియం ఖరీదని హైడ్రోజన్ నింపే వాళ్ళున్నారు, నిప్పు తగిలితే భగ్గుమంటుంది, మీ ఇంట్లో కార్తీక దీపాలు కూడా ఉంటాయి. నురగ చిమ్మే స్ప్రే డబ్బాలు గుమ్మంలోకే రానివ్వకు. కొవ్వొత్తి దగ్గర అవి అంటుకుంటాయి. వెలిగే కిరీటాలు, మంత్రదండాల్లో బొత్తాం అంత బ్యాటరీలుంటాయి. అది మింగి అన్నవాహికలో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల కాలిపోతుంది. బహుమతుల్లో అలాంటివి వస్తే బ్యాటరీ మూతకి స్క్రూ ఉందో లేదో చూసి, లేకపోతే పక్కన పెట్టెయ్యి.

కేకు గుడ్డు లేనిదే చెప్పు, మీ అత్తగారు కూడా ఒక ముక్క నోట్లో వేసుకోవాలి. సీతాకోకచిలుక ఆకారానికి వేరే డబ్బులక్కర్లేదు. మామూలు గుండ్రటి కిలో కేకు తెప్పించి సగానికి కోసి, వంపులు రెండూ ఎదురెదురుగా తగిలేట్టు తిప్పిపెడితే అవే రెక్కలు. పైన ముద్దగా పరిచే చక్కెర పిండి వద్దు, పిల్లలు దాన్ని పీకి పక్కన పెడతారు. కేకు మొహానికి పూసే పద్ధతి మీ వాళ్ళల్లో ఎవరికైనా ఉంటే ముందే ఖచ్చితంగా చెప్పు. చుట్టూ ఇంతమంది పెద్ద గొంతులతో పాడుతుంటేనే సగం మంది పిల్లలు బెదురుతారు, పైన ఈ పూయడం ఒకటి. బుజ్జిని అల్లుడుగారి ఒళ్ళో కూర్చోబెట్టి, చుట్టూ పిల్లల్ని ముందుంచి, పెద్దల్ని వెనక్కి జరగమను.

భోజనంలో కూడా పురుగుంటుంది. బటన్ ఇడ్లీలు ఏడు వరసగా వంకరగా పేర్చి, అడుగున అరిటాకు ముక్క, తలకి రెండు ఆవగింజల కళ్ళు. చట్నీ కారం లేకుండా. పిల్లలు తలతో మొదలుపెట్టి తోక దాకా తినేస్తారు. దానితో పులిహోర, పెరుగన్నం. పులిహోరలో పిల్లల వాటా వేరే కలుపు, పల్లీలు, ఎండుమిరపకాయలు లేకుండా. ఐదేళ్ళలోపు పిల్లలకి పల్లీలు, పాప్‌కార్న్ గొంతుకి అడ్డంపడతాయి. ద్రాక్ష పెడితే నిలువుగా నాలుగు ముక్కలు చెయ్యి. తల్లులకి పునుగులు, టీ సరిగ్గా చూడు. వాళ్ళు కుదురుగా కూర్చుంటేనే పిల్లలు కుదురుగా ఉంటారు.

ఇంకొన్ని చిన్న విషయాలు. బుజ్జికి ప్రాణమైన బొమ్మలు రెండో మూడో ఉంటాయి, వాటిని ముందురోజు రాత్రే దాన్నే అడిగి బీరువాలో పెట్టించు. ఎవరితోనూ పంచుకోనక్కర్లేదని దానికి తెలిస్తే మిగతావి మనస్ఫూర్తిగా ఇస్తుంది. బహుమతులు అందరి ముందూ విప్పొద్దు. బాత్రూమ్ ఎక్కడో వచ్చిన ప్రతి తల్లికీ చూపించి లోపల పీట వెయ్యి. పెద్ద పిల్లలు, అన్నలూ అక్కలూ వస్తే వాళ్ళకి ఆకులు దాచే పని అప్పగించు, లేకపోతే ఆట లాక్కుంటారు. వేరేవాళ్ళ పిల్లల ఫొటోలు స్టేటస్‌లో పెట్టేముందు వాళ్ళ అమ్మల్ని అడుగు. సాయంత్రం ఏ పనీ పెట్టుకోకు. పిల్ల పేచీ పెట్టినా పెడుతుంది, పెరుగన్నం తినిపించి తొందరగా పడుకోబెట్టు.

రిటర్న్ గిఫ్టు నాకు వదిలెయ్యి. కడియం నర్సరీల్లో చిన్న కవర్ల కరివేపాకు మొక్కలు చవగ్గా ఇస్తారు. పిల్లకొకటి చొప్పున తెస్తాను. బాల్కనీలో పెట్టుకుంటే వాళ్ళింటికీ పురుగులు రావచ్చు. మందు కొట్టొద్దని తల్లులకి నువ్వు చెప్పాలి. మీ కుండీకి కూడా ఈలోపు ఏ మందూ కొట్టకు, వంటకి ఆకు బయట కొనుక్కో.

శుక్రవారం రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కి శనివారం పొద్దున్న లింగంపల్లిలో దిగుతాను. మొక్కల పెట్టె బరువుంటుంది, అల్లుడుగారిని స్టేషన్‌కి రమ్మను. పిల్లలెంత మందో లెక్క తేల్చి వచ్చే సోమవారంలోగా ఫోన్ చెయ్యి, నర్సరీ వాళ్ళకి ముందే చెప్పాలి. పాత చున్నీలు తక్కువపడితే అది కూడా చెప్పు, ఇక్కడ మీ అమ్మ దగ్గరున్నవి ఉతికి పట్టుకొస్తాను.

మీ పెద్దమ్మ,
రాజమండ్రి