ప్రాణాయామం సరే, ముందు ఆ మాత్ర సంగతి

ప్రశ్న: నా వయసు 34. గుంటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో స్టాఫ్ నర్సుని. నైట్ డ్యూటీలు ఎక్కువ. మెడ, భుజాలు పట్టేస్తున్నాయి. ఇంటికొచ్చినా మానిటర్ అలారం మోగుతున్నట్టే ఉంటుంది, గుండె దడ. తెలిసినవాళ్లు చెబితే రెండు నెలలుగా అల్ప్రాజొలాం 0.5 మి.గ్రా. వేసుకుని పడుకుంటున్నాను. టెన్షన్‌కి ప్రాణాయామం మంచిదా, ఆసనాలా?

జవాబు: మీ ఉత్తరంలో నన్ను కంగారు పెట్టింది ఆ మాత్రే. అది షెడ్యూల్ హెచ్1 మందు, డాక్టర్ చీటీ లేకుండా వాడకూడదని మీకు నేను చెప్పాలా అమ్మా? మీ పేషెంటు ఇలా వేసుకుంటే మీరే కోప్పడేవారు. రెండు నెలలంటే శరీరం దానికి అలవాటుపడి ఉండవచ్చు. అలాగని ఇది చదివి ఈ రాత్రే మానేయకండి. ఒక్కసారిగా ఆపితే నిద్ర పట్టకపోవడం, దడ పెరగడమే కాదు, కొందరికి ఫిట్స్ కూడా వస్తాయి. డోసు మెల్లగా తగ్గించాలి, అది సైకియాట్రిస్టు చూసి చేయాల్సిన పని. ఈలోగా నొప్పికి వాడే ట్రమడాల్, కోడీన్ ఉన్న దగ్గుమందు, మద్యం దాంతో కలవకూడదు. పగలు వేసుకుని పడుకుంటే సాయంత్రం డ్యూటీకి బండి నడిపేటప్పుడు కూడా మత్తు మిగిలి ఉండవచ్చు.

దడ అంతా టెన్షనే అని తేల్చేయకండి. బీపీ, ఈసీజీ, హిమోగ్లోబిన్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), షుగర్ చూపించుకోండి. ఛాతీనొప్పి వచ్చినా, కళ్లు తిరిగి పడిపోయినా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి.

ఇక మీరడిగింది. ఊపిరి నాలుగు అంకెలు లెక్కపెడుతూ లోపలికి, ఆరు అంకెలు లెక్కపెడుతూ బయటికి. నిమిషానికి ఆరుసార్లు. వదిలేది నిదానంగా ఉంటే గుండె వేగం తగ్గుతుంది. టైం లేదంటారేమో. సబ్బుతో చేతులు కడగడానికి 40 నుంచి 60 సెకన్లు పట్టాలని మీకు నేర్పారు కదా, అందులోనే నాలుగైదు ఊపిరులు పడతాయి. కుళాయి దగ్గర నిలబడ్డప్పుడు భుజాలు చెవుల దాకా లేచి ఉన్నాయేమో చూసుకోండి, ఊపిరితో పాటు దించండి. పడుకునే ముందు పిడికిళ్లు, భుజాలు, పాదాలు ఒక్కొక్కటిగా ఐదు సెకన్లు బిగించి వదిలేయండి. వేగంగా ఊపిరి తీసి వదిలే కపాలభాతి, భస్త్రిక ఇప్పుడు వద్దు, దడ ఉన్నవాళ్లకి అవి ఇబ్బంది పెట్టవచ్చు. ఆసనాలు పరీక్షలయ్యాక చూద్దాం.

మిమ్మల్ని పరీక్షించకుండా ఇంతకుమించి చెప్పలేను. పనిచేసే చోట చూపించుకోవడానికి మొహమాటమైతే జీజీహెచ్ (ప్రభుత్వ పెద్దాసుపత్రి) సైకియాట్రీ ఓపీకి వెళ్లండి. మనసు మరీ బరువెక్కిన రోజు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఏ వేళైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ మాత్రల స్ట్రిప్ తీసుకెళ్లండి. ఒకటి వేసుకున్న రోజులూ, రెండు వేసుకున్న రోజులూ ఉంటే ఉన్నట్టే చెప్పండి.