ఏండ్ల కింద తప్పిపోయిన మనిషి కేసు: మళ్ళ వెతకాల్నంటే ఎక్కడ మొదలుపెట్టాలె?

మీ నాన్న ఆరేండ్ల కింద ఇంట్లకెళ్ళి పోయి మళ్ళ రాలే, పోలీసోళ్ళు ఆచూకీ లేదని ఫైల్ మూసిన్రు, ఇగ మేమే వెతకాల్నంటే ఎక్కడ మొదలుపెట్టాలె అని అడిగిన్రు. నేను పోలీసును కాదు, వకీలును కాదు. మా చిన్న మేనమామ 2015ల దసరా తెల్లారి పొద్దుగాల కాజీపేట పోయొస్తా అని పోయిండు, ఇప్పటిదాక రాలే. ఆయన కోసం తిరిగి తిరిగి తెలుసుకున్నది చెప్తున్న.

మొట్టమొదలు ఎఫ్ఐఆర్ కాపీ చేతిల పట్టుకోండి. ఫిర్యాదు ఇచ్చినోళ్ళకు దాన్ని ఫ్రీగా ఇయ్యాలె, పోగొట్టుకుంటే స్టేషన్ల అడగండి, ఇయ్యకపోతే ఆర్టీఐ పెట్టండి. తెచ్చుకున్నంక ఇంట్ల అందరు కూసోని ఒక్కొక్క మాట చదవండి. ఇది ఎందుకు గట్టిగ చెప్తున్ననంటే, మా అత్త ఆ రోజు ఏడుసుకుంట నీలం చొక్కా తొడుక్కుని పోయిండు అని చెప్పింది, రైటర్ అదే రాసిండు. 2019ల ఇంటికి సున్నం ఏసేటప్పుడు సందుగ దించితే అండ్ల ఆ నీలం చొక్కా మడతపెట్టి ఉంది. అత్త దాన్ని పట్టుకోని అట్లనే కింద కూలబడ్డది. తర్వాత మా బావ ఫోన్ల జమ్మి దగ్గర దిగిన ఫోటో చూస్తే మామ ఒంటి మీద తెల్ల చొక్కా, సన్న గీతలది, పండుగకు కొన్నది, అది ఇంట్ల ఎక్కడ లేదు. అంటే నాలుగేండ్లు పోలీసోళ్ళు, మేము, అందరం లేని చొక్కాను వెతికినం. ఇంకోటి, ఆయన ఎడమ కాలి చిటికెన వేలు సగమే ఉంటది, చిన్నప్పుడు తెగింది, అది కూడా ఎవ్వలం రాయించలే, రోజు చూసే కాలు గదా, గుర్తుగ పనికొస్తదని ఎవ్వలికి తోచలే. మీ దాంట్ల కూడా ఇట్లాంటిది ఉంటది, చూడండి. దొరికితే కొత్త వివరాలు రాసి, ఫోటో జతచేసి, మళ్ళ దర్యాప్తు చేయమని స్టేషన్ల, పై ఆఫీసర్ దగ్గర రెండు చోట్ల ఇచ్చి, తీసుకున్నట్టు ముద్ర ఏయించుకోండి. ఫైల్ మూసినా కొత్త సంగతి దొరికితే మళ్ళ తెరవొచ్చు.

తర్వాత రైల్వే సంగతి. మాకు ఇది తెల్వక మస్తు కాలం పోయింది. పట్టాల మీద గానీ స్టేషన్ల గానీ ఎవలన్నా చనిపోతే ఆ కేసు ఊరి పోలీసులది కాదు, రైల్వే పోలీసులది, వాళ్ళ రిజిస్టర్ వేరే ఉంటది. కాజీపేట కాడ లైన్లు మూడు దిక్కులు పోతయి, సికింద్రాబాద్ దిక్కు, డోర్నకల్ మీదికెళ్ళి విజయవాడ దిక్కు, రామగుండం మీదికెళ్ళి బల్లార్షా దిక్కు, బల్లార్షా అంటే మహారాష్ట్ర, అక్కడ పోలీసే వేరు. గుర్తు తెలియని శవాన్ని మార్చురీల మామూలుగ 72 గంటలు చూసి ఎవలు రాకపోతే పూడ్చిపెట్టేస్తరు గాని కాయితం మాత్రం ఉంటది, పంచనామా, ఫోటో, బట్టల వివరం. మీ నాన్న పోయిన తారీఖు నుంచి కనీసం ఆరు నెలలవి చూపియ్యమని అడగండి, డీఎన్ఏ కోసం ఎముక గానీ పన్ను గానీ తీసిపెట్టిన్రా అని కూడా అడగండి. అడిగేటప్పుడు గొంతు రాదు, తోడు ఒక్కల్ని పట్టుకపోండి.

అట్ల తిరుగుతుంటే ఒక చోట తెల్ల గీతల చొక్కా, యాభై ఏండ్ల మనిషి అని రాసి ఉంది. అత్తకు చూపియ్యక తప్పలే. ఆమె ఆ ఫోటో దిక్కు చాన సేపు చూసి ఈయన కాదు బిడ్డా అన్నది, కాలు వేళ్ళు కూడా చక్కగనే ఉన్నయి. బయటికొచ్చినంక, పాపం ఈయన ఇంటోళ్ళు ఎక్కడ వెతుకుతున్నరో అన్నది.

బతికున్నరనే దిక్కు కూడా వెతకాలె, దానికే ఎక్కువ టైమ్ పెట్టండి అంట నేను. మామ మానసిక జబ్బుకు మందులు వాడుతుండె, అసొంటోళ్ళు మందులు బందై రైలెక్కితే ఏ రాష్ట్రంల తేల్తరో చెప్పలేం. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం 100వ సెక్షన్ ప్రకారం రోడ్ల మీద తిరిగే అసొంటి మనిషి కనపడితే అక్కడి పోలీసులు మిస్సింగ్ ఎఫ్ఐఆర్ రాసి ఇంటోళ్ళను వెతకాలె. అంటే ఆ దిక్కున కూడా ఒక కాయితం ఉండొచ్చు. మహారాష్ట్రల కర్జత్ కాడ డాక్టర్ భరత్ వట్వానీ నడిపే శ్రద్ధ సంస్థ ఇసొంటోళ్ళకు వైద్యం చేసి ఇండ్లకు చేరుస్తది, ఆయనకు 2018ల మెగసెసే అవార్డు కూడా వచ్చింది. మేం వాళ్ళకు ఫోటో పంపినం, సర్కారు మానసిక ఆస్పత్రులకు, అనాథాశ్రమాలకు కూడా పంపినం. ఫోటో పంపేటప్పుడు గడ్డం పెరిగితే ఎట్లుంటరో తెలిసేది ఒకటి, కాలు చెయ్యి గుర్తులది ఒకటి పెట్టండి, పెండ్లి ఫోటోలు పనికిరావు.

ఫోన్ రికార్డుల మీద ఆశ పెట్టుకోకండి. కంపెనీలు వాటిని రెండేండ్లు ఉంచాలని 2021 డిసెంబర్‌ల రూల్ మార్చిన్రు, అంతకుముందు ఒక్క ఏడాదే. మామ ఫోన్ ఆ రాత్రిదాక మోగింది. ఆయనే వస్తడు తీయండి అని స్టేషన్ల ఆ ఏడాదంతా రికార్డులు తెప్పియ్యలే, ఆ కోపం నాకు ఇప్పటికీ పోలే. మీ కేసుల అప్పుడే తెప్పిచ్చి ఉంటే మాత్రం ఫైల్‌ల ఉంటయి, అడగండి.

ఏడేండ్లు నిండినంక కోర్టుకు పోయి చనిపోయినట్టు డిక్లరేషన్ తెచ్చుకోవచ్చు, బ్యాంకు, భూమి పనులకు అది కావాలె. మా అత్త వద్దన్నది, మేం బలవంతం చేయలే. మీ అమ్మను అడిగి చేయండి.

ఆఖరుకు, ఎఫ్ఐఆర్‌ల ఎవల ఫోన్ నంబర్ ఉందో చూడండి. ఆ సిమ్ బందైతే కొన్నాళ్ళకు ఆ నంబర్ వేరేటోళ్ళకు పోతది, రేపు ఎక్కడి నుంచన్నా ఫోన్ చేసినా మీకు రాదు. మా దాంట్ల బావ పాత నంబర్ ఉంది. ఆయన సౌదీ పోయేటప్పుడు ఆ సిమ్ తీసి అత్త ఫోన్ల ఏసిండు, దాన్ని నెలనెలా నేనే రీఛార్జ్ చేస్తున్న.