తను వచ్చిందా, వచ్చారా?

సందేహం: యువ పాఠకుల కోసం ఇద్దరమ్మాయిల ప్రేమకథ రాస్తున్నాను. తనకు అమ్మాయిలంటేనే ఇష్టమని మేఘన అందరికీ చెప్పేసింది. అవంతి ఇంకా ఎవరికీ చెప్పలేదు. అవంతి తన ప్రేమ గురించి తల్లితో మాట్లాడాలి, కానీ అవతలిది అమ్మాయి అని బయటపడకూడదు. 'వచ్చింది' అంటే దొరికిపోతుంది, 'వచ్చాడు' అంటే అబద్ధమవుతుంది. ఎలా?

సమాధానం: తెలుగు క్రియ ఆడామగా తేడా చూపించేది ప్రథమ పురుష (అతను, ఆమె) ఏకవచనంలోనే. 'నేను వచ్చాను', 'నువ్వు వచ్చావు' అన్న మాటల్లో ఆ తేడా లేదు. హిందీలో అక్కడా తెలిసిపోతుంది. కాబట్టి అవంతి ఫోన్‌లో "నువ్వు లేకపోతే తోచడం లేదు" అన్నది తల్లి విన్నా, అవతల ఎవరో పోల్చుకోలేదు. "ఎప్పుడొస్తావే?" అంటే మాత్రం ఆ చివరి 'ఏ' పట్టిస్తుంది.

మూడో మనిషిగా చెప్పాల్సి వచ్చినప్పుడే టెన్షన్. అక్కడా దారులున్నాయి. 'రాలేదు' అన్న రూపం నాకూ, నీకూ, అతనికీ, ఆమెకీ ఒక్కటే. రావాలి, రావచ్చు, తెలుసు, ఇష్టం కూడా అంతే. 'తను' ఎవరికైనా చెల్లుతుంది. "తను ఇంకా రాలేదు", "తనకి నేనంటే ఇష్టం" అని అవంతి ధైర్యంగా అనవచ్చు. 'రాదు' దగ్గర జాగ్రత్త. మగవాడైతే 'రాడు' అనాలి కదా.

ఇక బహువచనం. స్త్రీవాచకాలు ఏకవచనంలో అమహత్తులతో (జంతువులు, వస్తువుల పేర్లతో), బహువచనంలో మహత్తులతో (మగవాళ్లను చెప్పే మాటలతో) కలుస్తాయని మన వ్యాకరణం. అందుకే ఆమె వచ్చింది, పిల్లి వచ్చింది. పిల్లులు వచ్చాయి గానీ ఆడవాళ్లు వచ్చారు. ఈ 'వచ్చారు' చాటున అవంతి దాక్కోవచ్చు. "ఒకరున్నారమ్మా" అని మొదలుపెట్టడం చాలా సహజం. కానీ తన ఈడు మనిషి గురించి "వాళ్లు ఫోన్ చేశారు, వాళ్లు రమ్మన్నారు" అంటూ పోతే చెవికి తేడాగా తగులుతుంది. "ఎవరే ఆ వాళ్లు?" అని తల్లి అడిగి తీరుతుంది. అడగనివ్వండి. మీ కథకు కావలసిన ప్రశ్న అదే.

ఈ సంగతి మేఘనకు తెలిసిన రోజు కూడా రాయండి. తన ఇంట్లో "అవంతి వచ్చింది" అని సంతోషంగా చెప్పుకునే పిల్ల, అవంతి ఇంట్లో తాను 'వాళ్లు' అయిపోయానని తెలిస్తే ఊరుకోదు. "నేను అమ్మాయినని చెప్పడానికే నీకు నోరు రాదా?" అంటుంది. ఆ కోపం న్యాయమైనదే. అయినా అవంతిని పిరికిదాన్ని చేయకండి. అమ్మతో మాట్లాడే ప్రతిసారీ క్రియను వెతుక్కుని మాట్లాడటం ఎంత అలసటో పాఠకులకు తెలియాలి. 'వచ్చాడు' అనిపించాలనుకుంటే ఒక్కటి గుర్తుంచుకోండి: ఒకసారి అన్నాక, ఆపైన ప్రతి వాక్యంలోనూ ఆ అబద్ధాన్ని మోయాలి.

కథనంలో ఇంకో చిక్కు వస్తుంది, ఇద్దరూ 'ఆమె'లే కాబట్టి. "అవంతి మేఘనతో తను రానని చెప్పింది" అంటే రానిది అవంతే. కాబట్టి కథ ఎవరి వైపు నుంచి నడుస్తుంటే 'తను' ఆ అమ్మాయికే ఉంచండి, రెండో అమ్మాయిని పేరుతోనే రాయండి. పేరు పదిసార్లు వచ్చినా ఫరవాలేదు. 'ఆమె', 'ఈమె' అని మార్చి మార్చి రాస్తేనే ఎవరు ఎవరో తెలియకుండా పోతుంది.