నల్లనేలే అయినా తడి ఎందుకు నిలవడం లేదు?

అమెరికాలోని మిన్నెసోటాలో ఏటి పక్కన, మెట్టులా ఎత్తుగా ఉన్న చదునునేలలో వేసిన బెండ, గోంగూర వారం వాన లేకపోతే వాడిపోతున్నాయనీ, నేల నల్లగానే ఉన్నా రేగడిలా తడి పట్టడం లేదనీ మీరు రాశారు. పొరపాటు ఆ పోలికలోనే ఉంది. రేగడి తడి పట్టేదీ, ఎండితే నెర్రెలు విచ్చేదీ బంకమట్టి వల్ల. మీ నేల నలుపు మాత్రం వేల ఏళ్లపాటు ప్రేరీ (అక్కడి గడ్డిమైదానాల) గడ్డివేళ్లు కుళ్లి చేరిన జీవపదార్థానిది. మీరు చూసిన నేలల పటంలో కనిపించిన వాకీగన్ రకం నేలలో పైన సుమారు 50 నుంచి 100 సెంటీమీటర్ల మందాన మెత్తటి సిల్టు మట్టి (ఇసుకకంటే సన్నని, బంకమట్టికంటే ముతకైన మట్టి), దాని కింద హిమానీనదాలు కరిగిన నీరు పరిచిపోయిన ఇసుక, గులకరాళ్లు ఉంటాయి. పైపొర నీటిని చక్కగానే పట్టుకుంటుంది, కానీ దాన్ని దాటి ఇసుకలోకి దిగిన నీరు వేళ్లకు మళ్లీ అందదు.

కాబట్టి ముందు మీటరు లోతు గొయ్యి తవ్వి, పిండిలా జారే మట్టి ఆగిపోయి చేతికి గరగరలాడే ఇసుక ఎక్కడ తగులుతుందో చూడండి. అది 60 సెంటీమీటర్లలోపే తగిలితే ఒక్కసారి ముంచెత్తకుండా కొద్దికొద్దిగా, తరచుగా నీరు పెట్టండి. మొదళ్ల చుట్టూ గడ్డి కప్పండి. యూరియాను కూడా విడతలుగానే వేయండి, లేకపోతే అది నైట్రేటుగా మారి నేరుగా భూగర్భజలంలోకి దిగుతుంది. వసంతంలో మాత్రం ఈ నేల పక్క పల్లంకంటే ముందే ఆరి దుక్కికి వస్తుంది. ఆ సుఖం రేగడిలో ఎక్కడిది!