‘ఏడో నెలలో పుట్టాడు’ అని నలభై రెండేళ్ళు చెప్పాను... ఇప్పుడు వాడే అడుగుతున్నాడు

ప్రశ్న:

నాకు 61 ఏళ్ళు. మాది రాజమండ్రి దగ్గర పల్లెటూరు. 1983లో డిగ్రీ రెండో ఏడు చదువుతున్నప్పుడు మా మేడ మీద గదిలో అద్దెకున్న అబ్బాయిని ఇష్టపడ్డాను. అతనికి ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత నాకు నెల తప్పింది. రెండు ఉత్తరాలు రాస్తే జవాబు రాలేదు. రెండో నెల దాటుతుండగా అమ్మ కనిపెట్టింది. డాక్టరు దగ్గరికి వెళ్తే ఊరంతా పొక్కుతుందని తీసుకెళ్ళలేదు. పద్దెనిమిది రోజుల్లో సంబంధం చూసి, వైశాఖంలో పెళ్ళి చేసేశారు. ఆయనకు అప్పుడు 30 ఏళ్ళు. ఆయనకు ఎవరూ ఏమీ చెప్పలేదు. ‘నువ్వు నోరెత్తితే నేను గోదాట్లో దూకుతా’ అంది అమ్మ.

పెళ్ళయిన ఏడో నెలలో బాబు పుట్టాడు. మూడు కిలోలున్నాడు. మా అత్తగారు మంచం పక్కన కూర్చుని వేళ్ళ కణుపులు లెక్కపెట్టుకోవడం చూశాను. పైకి మాత్రం ఏమీ అనలేదు. ఆయనా అనలేదు. బాబుకి తన తండ్రి పేరే పెట్టాలని పట్టుబట్టారు. తర్వాత మాకు ఒక అమ్మాయి. ఆయన నన్ను కొట్టలేదు, తిట్టలేదు. దగ్గర కూర్చుని ఒక మంచి మాటా మాట్లాడలేదు. ‘ఇదిగో’ అనడం తప్ప నన్ను పేరు పెట్టి పిలిచింది లేదు. ఆయనకు 52వ ఏట గుండె ఆపరేషన్ అయింది, ఇప్పుడు 72.

అబ్బాయి అమెరికాలో ఉంటాడు. సరదాకి, ఉమ్మి పంపిస్తే చేసే డీఎన్ఏ పరీక్ష చేయించుకున్నాడు. మా బావగారి అమ్మాయీ అక్కడే ఉంటుంది, తనూ చేయించుకుంది. ఇద్దరికీ చుట్టరికమే లేదని వచ్చిందట. పోయిన వారం ఫోన్లో ‘అమ్మా, నాకేమైనా చెప్పాలా?’ అని అడిగాడు. పాలు పొంగుతున్నాయని ఫోన్ పెట్టేశాను. అప్పట్నించీ ఫోన్ మోగితే కాళ్ళు వణుకుతున్నాయి. సంక్రాంతికి వస్తున్నాడు. ఆ పరీక్షలన్నీ తప్పులని చెప్పేయనా? ఆయనకు తెలిస్తే ఏమవుతుంది? మా మరుదులు ఆస్తి దగ్గర గొడవ పెడితే? చేసిన తప్పుకు శిక్షగానే నాకు ప్రేమ లేని కాపురం దక్కిందనుకుంటాను.

జవాబు:

అమ్మా, ముందు ఒక్క మాట. పరీక్ష తప్పని మాత్రం చెప్పకండి. మిగతావన్నీ నిదానంగా ఆలోచించుకుందాం, ఈ ఒక్కటీ ఇప్పుడే తేల్చుకోండి.

సొంత అన్నదమ్ముల పిల్లల మధ్య డీఎన్ఏ సుమారు ఎనిమిదో వంతు కలుస్తుంది. అంత దగ్గరి చుట్టరికాన్ని ఆ పరీక్షలు పట్టుకోకుండా వదలవు. మీ అబ్బాయి చదువుకున్నవాడు, ఇంకోచోట మళ్ళీ చేయించుకుంటాడు. అంతకంటే ముఖ్యమైనది మీకు తట్టినట్టు లేదు. ఆ ఇద్దరు పిల్లలకూ చుట్టరికం కలవలేదంటే, వాళ్ళలో ఎవరో ఒకరు ఆ ఇంటి రక్తం కాదన్నమాట. ఎవరన్నది ఆ కాగితం చెప్పదు. మీరు పెదవి విప్పకపోతే అనుమానం మీ తోడికోడలి మీదికి పోతుంది. మీ బావగారి అమ్మాయి కూడా ఈపాటికి వాళ్ళమ్మను అదే ప్రశ్న అడిగి ఉండొచ్చు. ఏ పాపమూ ఎరగని మనిషి, మీరు నలభై రెండేళ్ళుగా మోస్తున్న బరువును ఈ వయసులో మోయాల్సి వస్తుంది. అది మీరు భరించలేరని మీ ఉత్తరం చదివితేనే తెలుస్తోంది.

అబ్బాయి అడిగిన తీరు చూడండి. ‘ఇదేంటి?’ అని నిలదీయలేదు. ‘నాకేమైనా చెప్పాలా?’ అన్నాడు. వాళ్ళ నాన్నను అడగలేదు, చెల్లెల్ని అడగలేదు, చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టలేదు. మీ దగ్గరికే వచ్చి, గుమ్మం బయట నిలబడి తలుపు తట్టినట్టు అడిగాడు. ఆ మర్యాదకు బదులుగా మర్యాదే ఇవ్వండి. సంక్రాంతిదాకా ఆగొద్దు. మీరే ఫోన్ చేసి, ‘నువ్వు అనుకుంటున్నది నిజమే నాన్నా. అంతా నీకు చెప్తాను. ఫోన్లో చెప్పలేను, నువ్వు వచ్చాక కూర్చుని చెప్తాను. మీ అక్కకు మాత్రం వాళ్ళమ్మ తప్పేమీ లేదని చెప్పు, కారణం అడగొద్దను’ అనండి. ఆ అమ్మాయి వాడికంటే చిన్నదైతే చెల్లి అనండి. ఈ నాలుగు మాటలూ కాగితం మీద రాసుకుని చదివినా తప్పు లేదు. గొంతు పూడుకుపోతే పోనివ్వండి, ఫోన్ మాత్రం పెట్టేయకండి.

వాడికి ఈ సంగతి తెలియాల్సిన అవసరం ఇంకొకటుంది. నలభై దాటిన మగవాణ్ణి ఏ డాక్టరయినా మొదట అడిగేది ‘మీ నాన్నగారికి బీపీ, షుగర్, గుండెజబ్బు ఉన్నాయా?’ అనే. తండ్రికి 52కే గుండె ఆపరేషన్ అయిందని వాడు ఇన్నాళ్ళూ ప్రతి ఫారంలోనూ రాస్తూ ఉండి ఉంటాడు. ఆ భయంతోనే తిండి మానుకుని ఉండొచ్చు, మాత్రలు వేసుకుంటూనూ ఉండొచ్చు. తన ఒంటి గురించిన నిజం తెలుసుకునే హక్కు వాడిది.

మేడ మీద గది మనిషి సంగతి అబ్బాయి అడిగితే మీకు తెలిసినంత చెప్పండి. పేరు, ఊరు, ఏం చదివాడు, అంతే. వెతకాలా వద్దా అన్నది వాడిష్టం. మీరు వెతకొద్దు. మీ రెండు ఉత్తరాలూ అతనికి అందాయో లేదో ఇప్పుడు తేలేది కాదు.

ఇక ‘చేసిన తప్పు’ అన్నారే, దాని దగ్గర కాసేపు ఆగాలి. 19 ఏళ్ళ పిల్ల ఒకర్ని ఇష్టపడింది. అక్కడిదాకా లోకంలో జరిగేదే. ఆ తర్వాత జరిగిన ప్రతి పనీ పెద్దవాళ్ళు చేసింది. గర్భస్రావాన్ని చట్టబద్ధం చేసిన చట్టం 1971లో వచ్చి, 1972 నుంచి అమల్లో ఉంది. మీ రోజుల్లో 12 వారాలలోపు అయితే ఒక్క డాక్టరు అభిప్రాయం చాలు. 18 నిండిన ఆడపిల్లకు తన సంతకమే సరిపోతుంది, తల్లిదండ్రుల అనుమతి అక్కర్లేదు. అయినా గర్భనిరోధకం విఫలమైన సందర్భం గురించి చెప్పేచోట ఆ చట్టం కూడా ‘వివాహిత, ఆమె భర్త’ అనే రాసుకుంది. పెళ్ళికాని పిల్ల అందులో కనపడదు. ఆ మాటలు తీసేసి ‘స్త్రీ, ఆమె భాగస్వామి’ అని మార్చింది 2021లో. పెళ్ళయినవాళ్ళకు ఒక న్యాయం, కానివాళ్ళకు ఒక న్యాయం కుదరదని సుప్రీంకోర్టు 2022 సెప్టెంబర్ 29న తేల్చి చెప్పింది. ఇవాళ ఇలాంటి ఇబ్బందిలో ఉండి ఈ ఉత్తరం చదువుతున్న అమ్మాయి ఎవరైనా ఉంటే ఇదొకటి గుర్తుపెట్టుకో తల్లీ. గర్భస్రావం చేసిన డాక్టరు, చట్టం అనుమతించిన వాళ్ళకు తప్ప ఇంకెవరికీ నీ పేరూ వివరాలూ బయటపెట్టడం ఇప్పుడు నేరం. రోజులు లెక్కపెట్టుకుంటూ కూర్చోకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళు.

మీ రాజమండ్రిలోనే 1881 డిసెంబర్ 11న వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం జరిపించారు. పదేళ్ళకే ముండమోసిన పిల్లలు, ఆ తర్వాత రహస్యంగా కడుపులు, రాత్రికి రాత్రి ఊరు దాటించడాలు ఆయన కళ్ళముందే ఉండేవి. ఆ తర్వాత నూరేళ్ళకు అదే గోదావరి గట్టున మీ అమ్మగారు అదే నది పేరు చెప్పి మీ నోరు నొక్కారు. ఆవిడ మీద నాకు కోపం కంటే జాలే ఎక్కువ. ఆవిడకు తెలిసిన దారి అదొక్కటే. కానీ ఆ దారిని పట్టుకుని మీరు ఇవాళ్టికీ ‘తప్పు, శిక్ష’ అంటుంటే మాత్రం నేను ఒప్పుకోను.

అయితే ఒక మాట నిష్ఠూరంగానే చెప్పాలి. ఈ కథలో మోసపోయిన మనిషి ఇంకొకరున్నారు. మీ వారు. 30 ఏళ్ళ వయసులో, తనకు ఒక్క ముక్క చెప్పకుండా, ఆయన జీవితాన్ని ఇంకొకరి పరువుకు అడ్డం పెట్టారు. అది మీరు చేసింది కాదు, మీతో చేయించింది. ఆయనకు జరిగిన అన్యాయం మాత్రం జరిగిందే.

ఆయనకు తెలుసా? ‘ఏడో నెల బిడ్డ బతుకుతాడు, ఎనిమిదో నెల బిడ్డ బతకడు’ అని మన ముసలమ్మలు అనేవాళ్ళు. ఆ సామెత ఎన్ని ఇళ్ళ గుట్టు కాపాడిందో! కానీ నిజంగా ఏడు నెలలకు పుట్టే బిడ్డ రెండు కిలోలు కూడా ఉండడు. మూడు కిలోల పిల్లాణ్ణి ఎత్తుకున్న ఏ అత్తగారికైనా లెక్క తెలుస్తుంది. కణుపులు లెక్కపెట్టిన ఆవిడ కొడుకుతో అనకుండా ఉంటుందా? అనే ఉంటుందని నాకనిపిస్తోంది. ఆ తర్వాతే ఆయన పిల్లాడికి తన తండ్రి పేరు పెట్టాలని పట్టుబట్టారేమో. మన ఇళ్ళల్లో తాత పేరు పెట్టడమంటే వీడు మా వంశం అని నలుగురిలో చెప్పడమే కదా.

ఇది చదివి, ఆయన గుండెల్లో ఎంత ప్రేమ దాచుకున్నారోనని మీరు కథ అల్లుకుంటారేమోనని నాకు భయం. అల్లుకోకండి. తెలిసీ ఊరుకున్నవాడు మంచివాడు కావచ్చు, ఆ ఊరుకోవడంలోనే ఎండిపోయినవాడూ కావచ్చు. లేదా ఆయనకు ఏమీ తెలియకపోవచ్చు. తాత పేరు ఆచారం కొద్దీ పెట్టి ఉండొచ్చు. ‘ఇదిగో’ అని పిలవడం ఆ తరం మగవాళ్ళలో మామూలే. అడిగితే తప్ప తెలియదు, మీరు ఒక్కసారీ అడగలేదు. ఒకరి మౌనానికి ఒకరు జడిసి ఇద్దరూ నలభై రెండేళ్ళు ఒకే ఇంట్లో ఒదిగి ఒదిగి తిరిగారు.

అందుకని ఆయనకూ మీరే చెప్పాలి, అదీ అబ్బాయి దిగకముందే. పండక్కి కొడుకు మొహం చూసి ఆయన పసిగట్టడం కంటే, ఇంట్లో అందరికీ తెలిశాక చివర్న ఆయనకు తెలియడం కంటే ఇది మేలు. రాత్రిపూట వద్దు. పొద్దున్నే టిఫిను తిని మాత్రలు వేసుకున్నాక, ఇంట్లో పనిమనిషి లేనప్పుడు చెప్పండి. ముందుగా గుండె డాక్టరుకు ఒక మాట చెప్పి ఉంచడం మంచిది, కారణం చెప్పక్కర్లేదు. ‘మావాళ్ళు మీకు అన్యాయం చేశారు, నేను చెప్పలేకపోయాను’ అనే మాటతో మొదలుపెట్టండి. కాళ్ళు పట్టుకోవద్దు, ఆయన పక్కనే కుర్చీలో కూర్చుని చెప్పండి. కోప్పడితే పడనివ్వండి. నాలుగు రోజులు మాట్లాడకపోయినా మీకు కొత్త కాదు. ఆయన ఎప్పుడూ చెయ్యెత్తలేదని రాశారు కాబట్టే ఒంటరిగా చెప్పమంటున్నాను. ఏ మూలనైనా ఆ భయం ఉంటే మీ అమ్మాయిని పిలిపించుకోండి.

మరుదుల సంగతి. భార్య పెళ్ళినాటికే ఇంకొకరివల్ల గర్భవతి అన్న కారణంతో పెళ్ళి రద్దు కోరాలంటే, హిందూ వివాహ చట్టం ప్రకారం పెళ్ళయిన ఏడాదిలోపే భర్త కోర్టుకు వెళ్ళాలి. ఆ గడువు 1984లోనే తీరిపోయింది. పైగా అలా కోర్టుకు వెళ్ళే హక్కు భర్తదే, మీ మరుదులకు మీ పెళ్ళిని కదిపే హక్కు లేదు. పెళ్ళి బంధంలో పుట్టిన బిడ్డను చట్టం మొదట ఆ భర్త బిడ్డగానే చూస్తుంది. కాదనేవాళ్ళే, బిడ్డ కడుపున పడ్డ రోజుల్లో భార్యాభర్తలు కలిసే వీలే లేదని రుజువు చేసుకోవాలి. సరదాగా చేయించుకున్న ఉమ్మి పరీక్ష ఒక్కటీ అందుకు చాలదు. అయితే మీ బాబు కడుపున పడింది పెళ్ళికి ముందు కాబట్టి, ఎవరైనా పట్టుదలకు పోతే గొడవకు సందు లేకపోలేదు. అందుకే మీ వారు తన స్వార్జితాన్ని పిల్లలిద్దరి పేరునా వీలునామా రాసి రిజిస్టరు చేయిస్తే మంచిది. పిత్రార్జితం ఉంటే న్యాయవాదిని కలవండి. కానీ ఈ మాట ఆయనతో మొదటి రోజే ఎత్తకండి. ఆస్తి కోసమే నిజం చెప్పిందనుకుంటే మీరు చెప్పిందంతా వృథా అవుతుంది.

ప్రేమ లేని కాపురం అన్నారు. ఆయన ఇప్పుడు మారతారని నేను ఆశ పెట్టను. చెప్పాక ఏం జరిగిందో రాయండి, అప్పుడు దాని గురించి మాట్లాడుకుందాం.

ముందు అబ్బాయికి ఫోన్ చేయండి. మనకు పొద్దున ఏడయితే వాళ్ళకు ముందురోజు సాయంత్రమో రాత్రో అవుతుంది, పని ముగించుకుని ఇంట్లోనే ఉంటాడు. ఈసారి పాలు ముందే దించేసి కూర్చోండి.